స్కాన్‌లో గ్రాములు సరే, పంచె ఎందుకు తడిసింది?

ప్రశ్న:

కోనసీమ నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. ఆమెకు 64 ఏళ్లు, భర్తకు 71. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్లుగా రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్నారు. ధార సన్నబడింది. బాత్రూములోకి వెళ్తే పది నిమిషాలకు గానీ రారు, వచ్చి పడుకున్న పావుగంటకే మళ్లీ లేస్తారు. పెళ్లిళ్లకు రావడం మానేశారు. “బస్సు నడిపిన మనిషి బస్సెక్కడానికి భయపడుతున్నారు” అని రాశారామె. స్టీరింగ్ ముందు కూర్చుని ఏళ్ల తరబడి ఆపుకోవడం వల్లే ఈ రోగం వచ్చిందని ఆయన నమ్మకం.

రెండు నెలల కిందట చలిజ్వరం, మూత్రంలో మంట వచ్చాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఐదు రోజులు ఇంజెక్షన్లు చేస్తే తగ్గాయి. జ్వరం తగ్గిన తొమ్మిదో రోజున దగ్గరి టౌన్‌లో స్కానింగ్, రక్తపరీక్ష చేయించారు. ప్రోస్టేట్ (మగవారిలో మూత్రసంచి కింద ఉండే గ్రంథి) 48 గ్రాములు, పీఎస్‌ఏ (ఆ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ప్రోటీన్) 6.8 అని వచ్చింది. అక్కడి సర్జన్ గారు టామ్‌సులోసిన్, డ్యుటాస్టెరైడ్ కలిసిన మాత్ర రాసి, మూడు నెలల తర్వాత రమ్మన్నారు. కొడుకు ఊరుకోలేదు. మొదటి స్కాన్‌కి పదహారు రోజుల తర్వాత హైదరాబాద్ తీసుకెళ్లాడు. అక్కడ రెండు బాటిళ్ల నీళ్లు తాగించి రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. పేరు పిలిచేసరికి ఆయన నిలబడలేకపోతున్నారట. ఈసారి రిపోర్టులో ప్రోస్టేట్ 62 గ్రాములు, ‘గ్రేడ్ టూ’, మూత్రం పోశాక కూడా మూత్రసంచిలో 210 మిల్లీలీటర్లు మిగిలిందని రాశారు. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. యూరాలజిస్టు వెనుక నుంచి చేసే స్కాన్, దాంతోపాటు బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించమన్నారు.

పదహారు రోజుల్లో 14 గ్రాములు పెరిగిందంటే అది క్యాన్సరే అంటాడు కొడుకు. సూది గుచ్చితే లేని క్యాన్సర్ కూడా ఒళ్లంతా పాకుతుందంటాడు మరిది. ఆయనైతే ‘వెనుక నుంచి’ అన్న మాట వినగానే చెప్పులేసుకుని బయటికొచ్చేశారు. ఆ ఊసెత్తితే “నా బండి సంగతి నాకు తెలుసు” అంటారు. వచ్చే నెల కంటి శుక్లాల ఆపరేషన్ ఉంది, ముందు అది కానివ్వమంటున్నారు. ఉత్తరం చివర, సంతకం కింద, వేరే రంగు సిరాతో మరో మూడు వాక్యాలున్నాయి: “చెప్పడం మరిచాను. ఈమధ్య రెండుసార్లు తెల్లారేసరికి ఆయన పంచె, దుప్పటి తడిసి ఉన్నాయి. మరచెంబు ఒలికిందన్నారు.”

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది మీరు మరిచిపోయి చివర రాసిన ఆ మూడు వాక్యాలే. గ్రాముల గురించి, క్యాన్సర్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పంచె సంగతి.

పెద్దవయసు మగవారికి నిద్రలో తెలియకుండా మూత్రం పోవడానికి కారణాలు చాలా ఉంటాయి. షుగరు ఉండొచ్చు, మూత్రసంచి అతిగా ముడుచుకోవచ్చు, గాఢనిద్రలో లేవలేకపోవచ్చు. ధార సన్నబడి, పోసినా ఇంకా మిగిలే మనిషిలో మాత్రం ఒక కారణాన్ని ముందు తోసిపుచ్చాలి. సంచి ఎప్పుడూ ఖాళీ కాక, అంచుదాకా నిండి ఉండి, నిద్రలో కండరం సడలినప్పుడు నిండుకుండలా ఒలకడం. దీనికి నొప్పి ఉండదు. ఒక్కసారిగా మూత్రం బంద్ అయితే మనిషి కేకలు పెడతాడు, అందరూ కలిసి ఆస్పత్రికి మోసుకుపోతారు. ఇది అలా కాదు. నెమ్మదిగా సంచి సాగిపోతుంది, వెనక్కి తన్నే ఒత్తిడి కిడ్నీల దాకా పోతుంది, మనిషికి తెలియదు. మీవారికి ఇదే అని నేను ఇక్కడ కూర్చుని ఖాయం చేయలేను. కిడ్నీలు బాగున్నాయన్న స్కాన్ మాట ధైర్యమిచ్చేదే. కానీ వాపు లేదని చెప్పగలదు గానీ, కిడ్నీ ఎంత పని చేస్తోందో స్కాన్ చెప్పలేదు. దానికి రక్తంలో క్రియాటినిన్ చూడాలి. మీరు పంపిన కాగితాల్లో ఆ పరీక్ష ఎక్కడా లేదు. షుగరు పరీక్షా లేదు. రెండూ కలిపినా పెద్ద ఖర్చు కాదు, ఊళ్లోనే అవుతాయి. ఈ వారంలోనే చేయించండి. వాటికి కొడుకు సెలవు పెట్టి రానక్కర్లేదు, వెనుక నుంచీ ముందు నుంచీ ఏ పరీక్షా అక్కర్లేదు.

ఇక గ్రాములు.

నేను చాలా ఏళ్లు స్కానింగ్ గదిలోనే గడిపాను. కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో చెబుతాను. మేము ప్రోస్టేట్‌ని తక్కెడలో వేసి తూచం. తెర మీద దాని పొడవు, వెడల్పు, లోతు మూడు గీతలు గీసి కొలుస్తాం. ఆ మూడింటినీ గుణించి, మళ్లీ 0.52తో గుణిస్తాం. వచ్చినది ఘనపరిమాణం. ఒక మిల్లీలీటరు అంటే దాదాపు ఒక గ్రాము కాబట్టి గ్రాములని రాసేస్తాం. మీ మొదటి రిపోర్టులో కొలతలు 4.8, 4.5, 4.3 సెంటీమీటర్లు. గుణిస్తే 48. రెండోదానిలో 5.2, 4.9, 4.7. గుణిస్తే 62. అంటే ఒక్కో గీతలో తేడా 4 మిల్లీమీటర్లు. బియ్యపు గింజ పొడవు కూడా లేదు! పొట్ట మీద నుంచి చూసేటప్పుడు గ్రంథి అంచు ఎక్కడ ముగిసిందో ఒక డాక్టరు ఇక్కడ అనుకుంటారు, ఇంకొకరు అక్కడ అనుకుంటారు. సంచి బాగా నిండి ఉంటే ఒకలా కనిపిస్తుంది, సగం నిండితే ఇంకోలా. మూడు గీతల్లోని చిన్న తేడాలు గుణకారంలో పెద్దవవుతాయి. మీ అబ్బాయికి ఈ లెక్క చేయించి చూపించండి. పదహారు రోజుల్లో ఏ ప్రోస్టేటూ 14 గ్రాములు పెరగదు. క్యాన్సర్ ఉన్నది కూడా పెరగదు. పెరిగింది గ్రంథి కాదు, గీత.

‘గ్రేడ్ టూ’ అన్న మాట కూడా చాలామందిని భయపెడుతుంది. క్యాన్సర్‌లో స్టేజ్ టూ అంటారే, అలాంటిదనుకుంటారు. కాదమ్మా. అది సైజుకి పెట్టుకున్న పేరు, అంతే. పైగా ఎన్ని గ్రాములకు ఏ గ్రేడు అన్నది కేంద్రానికి కేంద్రానికీ మారుతుంది. వయసు మీద పడితే ప్రోస్టేట్ పెరగడం జుట్టు నెరవడం లాంటిదే. పడుచువాడిలో అది ఇరవై గ్రాముల చిల్లర ఉంటుంది. అరవై ఏళ్లకు సగం మందిలో, ఎనభై దాటితే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందిలో ఈ మామూలు పెరుగుదల ఉంటుంది. ఆపుకోవడం వల్ల వచ్చేది కాదు, వయసు వల్ల, మగ హార్మోను వల్ల వచ్చేది. ఈ ఒక్క వాక్యం మీవారికి చదివి వినిపించండి. స్టీరింగ్ పట్టుకున్నందుకు పడిన శిక్ష అనుకుంటూ ఆయన ఇన్నాళ్లూ మోస్తున్నది ఆయన మోయాల్సింది కాదు.

సైజుకీ ఇబ్బందికీ లంకె గట్టిది కాదు. మీది కాలవల సీమ కదా, ఇలా చెబితే తేలిగ్గా తెలుస్తుంది. కాలవ పక్కన గట్టు ఎంత లావుగా పోసినా నీటికి అడ్డం రాదు. తూము నోట్లో ఒక్క ఇటుక అడ్డం పడితే చేను ఎండిపోతుంది. ప్రోస్టేట్ పక్కలకు పెరిగితే ఎనభై గ్రాములున్నా కొందరు హాయిగా నిద్రపోతారు. అదే మధ్యభాగం మూత్రసంచి లోపలికి పొడుచుకొస్తే ముప్పై గ్రాములకే ప్రాణం తీస్తుంది. మంచి స్కాన్ రిపోర్టు ఈ సంగతి చెప్పాలి: లోపలికి ఎన్ని మిల్లీమీటర్లు పొడుచుకొచ్చింది అని. పది దాటితే అడ్డు గట్టిదే అని అనుమానిస్తాం. సంచి గోడ మందమెక్కిందా, సంచిలో రాళ్లున్నాయా, కిడ్నీలు వాచాయా, పోశాక ఎంత మిగిలింది — అల్ట్రాసౌండ్ విలువంతా ఇక్కడే ఉంది. మీ రెండు రిపోర్టుల్లో గ్రాములు బొద్దక్షరాల్లో ఉన్నాయి, పొడుచుకొచ్చిన సంగతి ఒక్కదానిలోనూ లేదు. మా వృత్తిలో ఇదొక చెడ్డ అలవాటు. అందరూ అడిగే అంకె రాసి పంపేస్తాం.

పోశాక మిగిలిన 210 మిల్లీలీటర్లను నేను పూర్తిగా నమ్మను. ఆ రోజు జరిగింది మీరే రాశారు. రెండు బాటిళ్లు, రెండున్నర గంటలు. సంచి అంతగా సాగిపోతే ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి కండరం కూడా ఒక్కసారికి పూర్తిగా పిండలేదు. ఆ పైన స్కానింగ్ సెంటర్ బాత్రూము, బయట తలుపు కొడుతూ ఇద్దరు, “తొందరగా రండి తాతగారూ” అంటూ సిస్టరు. యాభై లోపు మిగిలితే నిశ్చింత. మూడొందలు దాటి, అదీ మళ్లీ మళ్లీ కనబడితే తాత్సారం చేయకూడదు. 210 ఈ రెండింటి మధ్య ఉంది, కొలిచిన తీరు బాగాలేదు. పంచె తడవకపోయి ఉంటే నెలాగి చూద్దామనేవాడిని. తడిసింది కాబట్టి ఈ పది రోజుల్లోనే మళ్లీ కొలిపించమంటాను. మీ టౌన్‌లోనే చాలు. ఈసారి పొద్దున్నే వెళ్లండి. మామూలుగా ‘ఇప్పుడు వెళ్లాలి’ అనిపించేంత వరకే నింపుకోవాలి, నిలబడలేనంత కాదు. తలుపేసుకుని నిదానంగా పోసి, పది నిమిషాలాగి ఇంకోసారి పోసి, అప్పుడు స్కాన్‌కి పడుకోమనండి. లోపలికి ఎంత పొడుచుకొచ్చిందో కొలిచి రాయమని డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి. అడిగితే రాస్తారు.

ఇక్కడొక పక్కమాట. స్కానింగ్ సెంటర్లో కూర్చున్నవారిలో సగం మంది గర్భిణులు ఉంటారు, గోడ మీద ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు’ అని 1994 నాటి చట్టం ప్రకారం పెట్టిన బోర్డు ఉంటుంది. వారి మధ్య డెబ్బై ఏళ్ల మనిషి నీళ్ల బాటిల్ పట్టుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. పేరు గట్టిగా పిలుస్తారు, ఏ స్కానో కూడా కలిపి పిలుస్తారు. మేము గది లోపలుండి ఇది గమనించం. ఆయన హైదరాబాద్‌లో చెప్పులేసుకుని బయటికి రావడం ఆ ఒక్క మాట వల్లే జరగలేదేమో. ఆ పూటంతా పేరుకున్నది అక్కడ తెగింది.

ఇప్పుడు ఆ ‘వెనుక నుంచి’ స్కాన్. మీ ఇంట్లో రెండు వేరే సంగతులు ఒకటైపోయాయి. మలద్వారం గుండా చేసే అల్ట్రాసౌండ్ ఒకటి, దాని సాయంతో సూది పెట్టి ముక్క తీసే బయాప్సీ ఇంకొకటి. మొదటిదానిలో ఎడమపక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టకు ముడుచుకుని పడుకుంటారు. బొటనవేలంత లావుండే ప్రోబ్‌కి, అంటే స్కాన్ చేసే కడ్డీకి, తొడుగు వేసి, జెల్లీ రాసి లోపలికి పెడతారు. అయిదూ పది నిమిషాలు. నొప్పి కంటే మొహమాటమే ఎక్కువ. గ్రంథి పక్కనే ఉండి చూస్తాం కనుక కొలత పొట్ట మీద నుంచి చూసినదానికంటే కచ్చితం. 1970ల మొదట్లో జపాన్‌లో వతనబె బృందం ఈ పరీక్షను ఆస్పత్రి వాడకంలోకి తెచ్చినప్పుడు మనిషిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ప్రోబు కుర్చీలోంచే పైకి వచ్చేట్టు ఏర్పాటు చేశారు. నేటి పద్ధతి దానికంటే ఎంతో మర్యాదైనదని ఆయనతో అనొచ్చు. నవ్వితే నవ్వుతారు.

అయితే ఆ స్కాన్ ఒక్కటే చేసి క్యాన్సర్ ఉందా లేదా చెప్పడం కుదరదు. క్యాన్సర్ కొన్నిసార్లు నల్లటి మచ్చలా కనబడుతుంది, చాలాసార్లు చుట్టూ ఉన్న కండలాగే కనబడి మమ్మల్ని మోసం చేస్తుంది. నల్లటి మచ్చలన్నీ క్యాన్సర్లు కావు కూడా. కాబట్టి సైజు తెలుసుకోవడానికే అయితే ఆయన్ని దానికి ఒప్పించి ఇబ్బంది పెట్టనక్కర్లేదు, పొట్ట మీది స్కాన్ చాలు. యూరాలజిస్టు గారు దాన్ని చెప్పింది బయాప్సీకి దారి చూపడానికే అయి ఉంటుంది. అంటే అసలు ప్రశ్న స్కాన్ చేయించాలా అని కాదు, బయాప్సీ ఇప్పుడు కావాలా అని.

ఆ ప్రశ్న పుట్టింది 6.8 అన్న పీఎస్‌ఏ అంకె నుంచి. అది జ్వరం తగ్గిన తొమ్మిదో రోజున తీసిన రక్తం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే పీఎస్‌ఏ పొంగుతుంది, దిగడానికి వారాలు పడుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడమంటారు. గ్రంథి పెద్దదైతే క్యాన్సర్ లేకపోయినా పీఎస్‌ఏ ఎక్కువగానే ఉంటుంది. ఇక్కడ మీ అబ్బాయిని భయపెట్టిన ఆ 62 గ్రాములే నిజానికి మీవారి తరఫున సాక్ష్యం చెబుతోంది. పీఎస్‌ఏని గ్రాములతో భాగిస్తే 0.11. చిన్న కొలత 48 తీసుకున్నా 0.14. మేము సాధారణంగా 0.15 దాటితే అనుమానం పెంచుకుంటాం. ఇదేమీ హామీపత్రం కాదు. నాలుగుకీ పదికీ మధ్య పీఎస్‌ఏ ఉన్నవారిలో బయాప్సీ చేస్తే నలుగురిలో ఒకరికి క్యాన్సర్ కనబడుతుందని పాత లెక్క ఉంది. నలుగురిలో ముగ్గురికి లేదన్నదీ ఆ లెక్కే.

మీ ముందు నాలుగు దారులున్నాయి. జ్వరం తగ్గి దాదాపు రెండు నెలలు అయింది కాబట్టి ఇప్పుడు పీఎస్‌ఏ మళ్లీ చేయించడం ఒకటి. తగ్గితే ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ ఆయన వేసుకుంటున్న మాత్రలో డ్యుటాస్టెరైడ్ ఉంది. అది ఆరు నెలలు వాడేసరికి పీఎస్‌ఏని దాదాపు సగానికి దించుతుంది. ఇప్పటికే కొంత దించి ఉండొచ్చు. మాత్ర పేరు, మొదలుపెట్టిన తేదీ డాక్టరుకి చెప్పకపోతే మంచి అంకె చూసి మోసపోతారు. పరీక్ష ముందు రెండు రోజులు సైకిలు తొక్కొద్దనండి. మూత్రంలో మంట మళ్లీ ఉంటే పరీక్షే వాయిదా వేయండి.

రెండోది, డాక్టరు గ్లవుజు వేసుకుని వేలితో చేసే పరీక్ష. మీ ఉత్తరం ప్రకారం ఇంతవరకూ ఎవరూ చేయలేదు. నిమిషం కూడా పట్టదు. క్యాన్సర్లు పదింట్లో ఏడు గ్రంథి వెనుకభాగంలో, వేలికి తగిలే వైపే పుడతాయి. రాయిలా గట్టిగా గడ్డ తగిలితే పీఎస్‌ఏ ఎంతున్నా ముందుకు వెళ్లాల్సిందే. మెత్తగా, నునుపుగా ఉంటే తొందర తగ్గుతుంది. ప్రోబ్‌కి ఒప్పుకోని మనిషి దీనికి ఒప్పుకోవచ్చు, గదిలో డాక్టరు తప్ప ఇంకెవరూ లేకపోతే.

మూడోది, బయాప్సీకి ముందు ఎంఆర్‌ఐ. 2017లో బ్రిటన్‌లో 576 మందిపై జరిగిన అధ్యయనం ఈ విషయంలో లోకం ఆలోచనను మార్చింది. ప్రమాదకరమైన క్యాన్సర్లను ఎంఆర్‌ఐ నూటికి 93 పట్టుకుంటే, అల్ట్రాసౌండ్ చూస్తూ అటూఇటూ సూదులు వేసే మామూలు బయాప్సీ 48 మాత్రమే పట్టుకుంది. ఎంఆర్‌ఐ శుభ్రంగా ఉంటే చాలామంది సూదిని తప్పించుకోవచ్చు, మచ్చ కనబడితే సూది సరిగ్గా అక్కడికే వెళ్తుంది. మలద్వారంలో ఏమీ పెట్టనక్కర్లేదు. కష్టం ఏమిటంటే ఖర్చు, సొరంగంలాంటి మిషనులో అరగంటకు పైగా కదలకుండా పడుకోవడం. పావుగంటకోసారి లేచే మనిషికి అది చిన్న పరీక్ష కాదు. పేస్‌మేకర్ లాంటివి ఉంటే ముందే చెప్పాలి.

నాలుగోది నేరుగా బయాప్సీ. మీ మరిది గారి భయం నేను వందలసార్లు విన్నాను. సూది పెట్టినందువల్ల లేని క్యాన్సర్ పుట్టదు, ఉన్నది ఒళ్లంతా పాకదు. పాకిన తర్వాతే కనబడినవాళ్ల కథలు ఊళ్లో మిగిలిపోయి సూది మీదికి నింద వచ్చింది. సూదికి ఉన్న అసలు ఇబ్బందులు వేరు. మూత్రంలో, వీర్యంలో కొన్నాళ్లు రక్తపు చార కనబడుతుంది. కొద్దిమందికి చలిజ్వరంతో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది. ఒక్కొక్కరికి మూత్రం బంద్ అవుతుంది. మొన్ననే ఇన్‌ఫెక్షన్ వచ్చి, సంచిలో మూత్రం మిగిలిపోయే మనిషిలో ఈ చివరి రెండూ కాస్త ఎక్కువే భయపెడతాయి. మలద్వారం గుండా కాక దాని ముందుండే చర్మం గుండా సూది పెట్టే పద్ధతిలో ఇన్‌ఫెక్షన్ తక్కువ. అది మీ ఆస్పత్రిలో చేస్తారా అని అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

ఏదీ చేయించుకోను అనడం కూడా ఒక దారే, 71 ఏళ్ల మనిషికి ఆ హక్కుంది. ఈ వయసులో కనబడే ప్రోస్టేట్ క్యాన్సర్లలో చాలా వాటికి వెంటనే వైద్యమే చేయరు, ఆరు నెలలకోసారి చూస్తూ ఉంటారు. కొన్ని మాత్రం ఎముకలకు పోయేవి ఉంటాయి, వాటిని ముందు పట్టుకునే అవకాశం చేజారుతుంది. అది తెలిసి వద్దంటే నిర్ణయం. ప్రోబ్ అంటే సిగ్గుపడి వద్దంటే అది నిర్ణయం కాదు, తప్పించుకోవడం. నన్నడిగితే, కొద్ది వారాలు ఆగడం వల్ల నష్టమేమీ లేదు కనుక మొదటి రెండూ ముందు చేయించి, వాటిని బట్టి ఎంఆర్‌ఐ సంగతి చూస్తాను. కానీ హైదరాబాద్ డాక్టరుగారు వేరేగా ఆలోచిస్తే ఆయనకు కనబడింది నాకు కనబడలేదేమో. పీఎస్‌ఏ తేదీ, జ్వరం తేదీ ఆయనకు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

మూత్రం అడ్డు సంగతి దీనికి పూర్తిగా వేరు. మాత్రలో టామ్‌సులోసిన్ భాగం రోజుల్లోనే కండరాన్ని సడలించి ధార పెంచుతుంది. రెండో భాగం గ్రంథిని కుదించడానికి ఆరు నెలలు తీసుకుంటుంది. అందుకని నెలకే పని చేయలేదని మానేయొద్దు. రాత్రి లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు. మంచం అంచున కాసేపు కూర్చుని లేవమనండి. బాత్రూము దారిలో లైటు వెలుగుతూ ఉండనివ్వండి. ఇంకోటి, వచ్చే నెల శుక్లాల ఆపరేషన్ అన్నారు. టామ్‌సులోసిన్ వాడినవారిలో కంటిపాప ఆపరేషన్ మధ్యలో ముడుచుకుపోయి, నల్లపొర వదులై సర్జన్‌ని ఇబ్బంది పెడుతుంది. ముందే తెలిస్తే వారు జాగ్రత్త తీసుకుంటారు. మాత్ర మానేసినా ఆ ప్రభావం పూర్తిగా పోదు, కాబట్టి సొంతంగా ఆపొద్దు. మాత్ర అట్ట కంటి డాక్టరు చేతిలో పెట్టండి.

మాత్రలతో కుదురుకుంటే ఆపరేషన్ ఊసే వద్దు. క్రియాటినిన్ పెరిగినా, కిడ్నీలు వాచినా, మూత్రం మళ్లీ మళ్లీ బంద్ అయినా, సంచిలో రాళ్లున్నా అప్పుడు ఆపరేషన్ ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. మూత్రనాళం గుండానే లోపలి భాగాన్ని గీకేస్తారు, లేదా లేజర్‌తో తీస్తారు. పొట్ట మీద కోత ఉండదు. ఆ తర్వాత చాలామందిలో వీర్యం బయటికి రాకుండా సంచిలోకి పోతుంది. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పాలి, వయసైంది కదా అని దాటేయకూడదు. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి: ఆ ఆపరేషన్‌లో తీసేది లోపలి భాగం. క్యాన్సర్ ఎక్కువగా పుట్టే వెనుక పొర అలాగే ఉంటుంది. కాబట్టి ‘ఆపరేషన్ అయింది, ఇక క్యాన్సర్ భయం లేదు’ అనుకోవద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) గానీ, ఆర్టీసీ రిటైర్డు ఉద్యోగుల వైద్య సదుపాయం గానీ ఉంటే దాని కింద చేస్తారేమో ముందే కనుక్కోండి.

ఈలోగా జలుబు చేస్తే దుకాణంలో అడిగి జలుబు మాత్రలు తెచ్చి వేయొద్దు. ముక్కు కారడం ఆపే ఆ మందులే మూత్రాన్నీ బిగిస్తాయి. మూత్రం బంద్ అయి పొత్తికడుపు ఉబ్బి నొప్పెడుతున్నా, చలిజ్వరం మళ్లీ వచ్చినా, మూత్రంలో రక్తపు గడ్డలు పడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలి? ఇంతవరకూ ఆయన ఒంటి గురించి మీరు, అబ్బాయి, మరిది మాట్లాడుకుంటున్నారు. ఆయన పక్కనుండి వింటున్నారు. బస్సు నడిపేటప్పుడు వెనుక సీట్లోంచి అందరూ తోవ చెబితే డ్రైవరుకి ఎలా ఉంటుందో, అలా ఉండి ఉంటుంది. పంచె సంగతి కొడుకు ముందు ఎత్తొద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, మరచెంబు మాట నిజమా అబద్ధమా అని నిలదీయకుండా, “డాక్టరు అదొక్కటి అడిగారు, కిడ్నీల కోసం” అనండి. నా పేరు చెప్పండి, కోపం నా మీదికి వస్తుంది, మీ మీదికి రాదు.

ఆయనకు ఒక పని కూడా అప్పజెప్పండి. మూడు రోజులు లాగ్‌షీట్ రాయమనండి. లాగ్‌షీట్ అంటే ఆయనకు కొత్తగా నేర్పనక్కర్లేదు. ఒక పాత లీటరు బాటిలు పైభాగం కోసి, స్కెచ్‌పెన్నుతో వంద వంద మిల్లీలీటర్లకు గీతలు పెట్టి బాత్రూములో ఉంచండి. ఎన్ని గంటలకు వెళ్లారు, ఎంత పోశారు, అర్జెంటుగా అనిపించిందా, ఏం తాగారు ఎప్పుడు తాగారు — నాలుగు గళ్లు. రాత్రి కాలం విడిగా. ప్రతిసారీ యాభై, అరవై పడుతుంటే ఒక కథ. రాత్రిళ్లు మూడొందల చొప్పున పడుతుంటే మరో కథ. అప్పుడు ప్రోస్టేట్ కంటే షుగరు, గుండె, సాయంత్రం కాళ్లలో దిగిన నీరు, బీపీ మాత్ర వేళ చూడాలి. ఏ స్కానూ ఈ మాట చెప్పలేదు. ఆ కాగితం ఆయన చేతికిచ్చి, ఆయన్నే డాక్టరు ముందు పెట్టనివ్వండి. మీరు బయట బెంచీ మీద కూర్చోండి. రాత్రి రెండింటికి లేచినప్పుడు వెతుక్కోకుండా పెన్నుకి దారం కట్టి బాత్రూము తలుపు మేకుకు వేలాడదీయండి.